వారం రోజుల ట్యాబ్

పక్షవాతంతో కుడి చెయ్యి, మాట రెండూ పోగొట్టుకున్న భాగీరథమ్మ కోసం కోడలు అనిత, కొడుకు వీరేశ్ ట్యాబ్ కొనబోయిన సంగతి, ఫోన్లు అమ్మే తాహా దుకాణంలోనే మొగుడూ పెళ్ళాల మధ్య మాటామాటా పెరిగిన సంగతి పాఠకులు మరిచిపోయి ఉండరు. పేరున్న కంపెనీది, ఖరీదైనదే తీసుకుందామని వీరేశ్ పట్టుబట్టాడు. తల్లి విషయంలో తక్కువ చేశాడని రేపు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో తోటివాళ్ళు అనకూడదని అతని బాధ. అనిత కన్ను మధ్యరకం దాని మీద పడింది. సంగారెడ్డిలో మాట నేర్పే డాక్టరమ్మ కంపెనీ పేరేమీ చెప్పలేదు. తెర పెద్దదిగా ఉండాలి, శబ్దం గట్టిగా రావాలి, చార్జింగ్ రోజంతా నిలవాలి, అంతే అంది. ఆ మూడూ ఇందులో ఉన్నాయి.

చివరికి తగవు తీర్చింది తాహాయే. మధ్యరకం దాని పెట్టె విప్పి అనిత చేతిలో పెట్టి, వారం రోజులు వాడి చూసి నచ్చకపోతే తెచ్చియ్యమన్నాడు. ఇంకెవరికైనా అయితే అలా ఇచ్చేవాడు కాదు. తాహా తల్లి గౌహర్ బేగం, భాగీరథమ్మ కలిసి చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ఖానావళి నడిపారు. గౌహర్ బేగం జొన్నరొట్టెలు కొట్టేది, భాగీరథమ్మ కూరలు వండేది. బొంబాయి లారీల వాళ్ళు ఆ రొట్టెల కోసమే అక్కడ బండి ఆపేవాళ్ళు. అలాంటి గౌహర్ బేగం, స్నేహితురాలికి జబ్బు చేసిన కొత్తలో నాలుగుసార్లు వచ్చి, ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు. అమ్మ ఎందుకు రావడం లేదని అనిత అడిగితే తాహా తల వంచుకుని ట్యాబ్ తెర తుడుస్తూ ఉండిపోయాడు.

అలా ఇంటికి వచ్చిన ట్యాబ్‌ను భాగీరథమ్మ మొదటి రోజే పక్కకు నెట్టేసింది.

తప్పు ఆమెది కాదు. డాక్టరమ్మ చెప్పిన బొమ్మల యాప్‌ను అనిత అందులో వేసింది. మంచినీళ్ళ బొమ్మ నొక్కితే ట్యాబ్ నీళ్ళు అడుగుతుంది, మంచం బొమ్మ నొక్కితే పడుకుంటానంటుంది. అయితే లోపల మాట్లాడే మరగొంతు, "నాకు దాహముగా ఉన్నది" అని తీరిగ్గా, ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుంటున్నట్టుగా పలికింది. ఇంట్లో కన్నడం, తెలుగు కలిపి గలగలా మాట్లాడిన మనిషి భాగీరథమ్మ. ఆ గొంతు విని మొహం అటు తిప్పుకుంది. ఆమె భర్త రేవణసిద్ధప్ప, ఇదెవరో రేడియోలో వార్తలు చదివే ఆమెలాగా ఉందని నవ్వాడు.

లోపాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పొద్దంతా భాగీరథమ్మ కూర్చునేది వరండాలో. అక్కడి వెలుతురుకు తెర మీద బొమ్మలకు బదులు ఆమె మొహమే ఆమెకు కనపడేది. ఒంటిచేత్తో ఎత్తిపట్టుకోవాలంటే బరువు. వేలు సరిగ్గా ఆనకపోతే పలికేది కాదు. ఆనితే, పలకడానికి కాస్త ఆలోచించుకునేది. ఈలోగా ఆమె మళ్ళీ నొక్కేది. అప్పుడు చాయ్ కావాలని రెండుసార్లు వరసగా అడిగేది. సిమ్ములేనిది కాబట్టి నెట్ కావాలంటే అనిత ఫోన్ దాని పక్కనే ఉండాలి. వంటింట్లో సామాన్ల ఫొటోలు తీసి పెడదామని చూస్తే అన్నీ పొగపట్టినట్టు వచ్చాయి.

వీరేశ్ డ్యూటీ నుంచి వచ్చి ఈ కథలన్నీ విన్నాడు. ముందే చెప్పాను కదా అనలేదు గానీ, అన్నట్టే చూశాడు. రేవణసిద్ధప్ప మాత్రం అసలు ఈ యంత్రమే ఎందుకన్నాడు. ఆమెకు ఎప్పుడు ఏం కావాలో తనకు తెలియదా అని అడిగాడు.

అది గొప్పకు అన్న మాట కాదు. విత్తనాల దుకాణం పని మనుషులకు అప్పగించి భార్య పక్కనే కూర్చున్నవాడు. తల దువ్వేవాడు, అన్నం కలిపి తినిపించేవాడు, మందుల వేళ తప్పనిచ్చేవాడు కాదు. జబ్బు తర్వాత భాగీరథమ్మ నోట మిగిలింది ఒక్కటే మాట. "అదే." నీళ్ళు కావాలన్నా అదే, కిటికీ మూయమన్నా అదే, ఎవరైనా ఎలా ఉన్నావంటే అదే అదే. ఎదుటివాళ్ళ మాట ఆమెకు పూర్తిగా అర్థమయ్యేది. తన మాటే నోటి దాకా వచ్చేసరికి ఆ ఒక్క ముక్కగా మారిపోయేది. దానికి అర్థం చెప్పేవాడు రేవణసిద్ధప్ప. చుట్టాలు వస్తే ఆమె అదే అనగానే, 'ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతున్నది' అనేవాడు. అందరూ తలూపేవాళ్ళు. భాగీరథమ్మ కూడా ఊరుకునేది.

అనిత ఆ ఊరుకోవడాన్ని కొంతకాలంగా గమనిస్తున్నది. ఝరాసంగం పిల్ల, ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఓపిక ఆమె పనిలో భాగం. బడి నుంచి రాగానే ట్యాబ్ ముందేసుకుని కూర్చుంది. బొమ్మల సంఖ్య తగ్గించి ఒక్కొక్కదాన్ని అరచేతి అంత చేసింది. ఒకసారి నొక్కాక రెండో నొక్కు పట్టించుకోకుండా సెట్టింగు మార్చింది. నిలబెట్టుకునే కవరు తొడిగి చిన్న బల్ల మీద పెట్టింది. కుర్చీని వరండా నుంచి లోపలి గుమ్మం పక్కకు జరిపింది. అక్కడి నుంచి వీధీ కనపడుతుంది, తెరా కనపడుతుంది. ఫొటోలు వంటింట్లో కాకుండా మేడ మీద ఎండలో తీస్తే శుభ్రంగా వచ్చాయి.

ఇక గొంతు సంగతి. తన గొంతుతో రికార్డు చేసి పెడదామనుకుంది. రెండు మాటలు చేశాక ఆమెకే బాగా అనిపించలేదు. అత్తమ్మ నోట కోడలి గొంతు ఏమిటి? అలా ఆలోచిస్తూ ఫోన్ తిప్పుతుంటే, భాగీరథమ్మ ఒకప్పుడు పంపిన వాయిస్ మెసేజీలు కనపడ్డాయి. టైపు చేయడం రాక ఆమె అన్నీ మాట్లాడే పంపేది. వీరేశ్ ఫోన్ నిండిపోతుందని ఎప్పటికప్పుడు చెరిపేసేవాడు. అనిత దగ్గర కొన్ని మిగిలాయి. అల్లం తెమ్మనీ, గౌహర్ ఆపాకు చెప్పమనీ, ఆ మార్కెట్ టమాటలు మెత్తగా ఉన్నాయి వద్దనీ.

అనిత ఆ మెసేజీలను ముక్కలు చేసి, ఒక్కో మాటను ఒక్కో బొమ్మకు తగిలించింది. టమాటల మెసేజీలోంచి "వద్దు" తీసింది. చుట్టాలొచ్చిన రోజు మెసేజీలోంచి "చాయ్ పెట్టు" తీసింది. "జర ఆగు" దొరికింది. "ఉండనీ" దొరికింది. "గౌహరాపా" దొరికింది. దానికి ఖానావళిలో తీసిన పాత ఫొటో పెట్టింది. తర్వాత ఏమీ చెప్పకుండా ట్యాబ్‌ను అత్తగారి ముందు నిలబెట్టింది.

భాగీరథమ్మ ఎడమచేతి చూపుడువేలు చాయ్ గ్లాసు మీద ఆనింది.

"చాయ్ పెట్టు" అంది ఆమె గొంతు. ఖానావళిలో పొయ్యి మంట చప్పుడును దాటి వినపడేలా పలికే ఆ పాత గొంతు. ట్యాబ్‌కు నాలుగు వైపులా ఉన్న స్పీకర్లు ఏమాత్రం తగ్గించకుండా దాన్ని ఇల్లంతా వినిపించాయి. మేడ మీద బట్టలు ఆరేస్తున్న వీరేశ్ పరుగున మెట్లు దిగి వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. భాగీరథమ్మ వేలు తీయకుండా తెర వైపే చూసింది. తర్వాత మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నదేమోనని అనిత వంగి చూసింది. ఆమె నవ్వుతున్నది. వీరేశ్ లోపలికి వెళ్ళి చాయ్ పెట్టాడు.

వారం గడువు ముగిసేది ఆదివారం. పొద్దున ఉప్మా తిన్నాక నలుగురూ గుమ్మం పక్కన కూర్చున్నారు. ఉంచుకోవడమా, తిరిగివ్వడమా తేల్చాలి. వీరేశ్ మెత్తబడ్డాడు గానీ మాట వదలలేదు. నెమ్మది యంత్రం, ఏడాది తిరిగేసరికి ఇంకా నెమ్మదిస్తుందన్నాడు. కెమెరా సంగతి చెప్పనక్కరలేదన్నాడు. చార్జింగ్ ఎక్కడానికి పూట పడుతోందన్నాడు. అవన్నీ నిజమేనని అనిత ఒప్పుకుంది. అయితే ఎక్కిన చార్జింగ్ మర్నాటి దాకా దిగడం లేదు. నెట్ లేకపోయినా బొమ్మలు మాట్లాడుతున్నాయి. శబ్దం వీధి దాకా పోతున్నది. ఒకసారి చెయ్యి తగిలి బల్ల మీద నుంచి పడింది, ఏమీ కాలేదు. ఖరీదైనదైతే అత్తమ్మను ముట్టుకోనివ్వడానికే అందరూ భయపడేవాళ్ళమని అంది. రేవణసిద్ధప్ప ఇద్దరి మాటా విని, తనకైతే రెండూ ఒకటేనన్నాడు.

"మామా, మనం మాట్లాడుకుంటున్నం గని, వాడేది అత్తమ్మ" అంది అనిత. "అత్తమ్మనే అడుగుదం."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. జబ్బు చేశాక ఆ ఇంట్లో ఒక విషయం తేల్చడానికి ఆమె జవాబు కోసం ఆగడం అదే మొదలు. భాగీరథమ్మ తొందరపడలేదు. బొమ్మలన్నీ చూసుకుని ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఉండనీ."

వీరేశ్ నవ్వేశాడు. రేవణసిద్ధప్ప కూడా సంతోషంగా భార్య మోకాలు తట్టాడు. మధ్యాహ్నం వీరన్న వస్తాడని గుర్తుచేశాడు. న్యాల్‌కల్ వైపు మనిషి, మూతపడ్డ ఖానావళిని భార్యతో కలిసి నడుపుకుంటానని అడిగాడు, మంచివాడు. తాళాలు ఇచ్చేస్తే నీకు ఆ ఫికర్ కూడా పోతుందన్నాడు.

"వద్దు" అంది ట్యాబ్.

రేవణసిద్ధప్ప చెయ్యి జారి తగిలిందనుకున్నాడు. బల్లను కాస్త సర్ది, తెరను ఆమెకు ఎదురుగా పెట్టాడు. భాగీరథమ్మ అతని మొహంలోకి చూస్తూ, తెర వైపు చూడకుండానే, అదే చోట నొక్కింది.

"వద్దు." మెత్తటి టమాటలను తోసిపారేసిన గొంతు. అందులో సందేహానికి చోటు లేదు.

"నిన్ను అడిగితి గదా భాగీ" అన్నాడు రేవణసిద్ధప్ప. అతని గొంతు తగ్గిపోయింది. "ఎన్నిసార్లో అడిగిన. అదే అదే అంటివి. సరే అంటున్నవనుకున్న నేను."

"అదే" అంది భాగీరథమ్మ నోటితో, తల అడ్డంగా ఊపుతూ.

అనిత మామగారి మొహం చూడలేకపోయింది. ఇన్నాళ్ళూ ప్రేమగా, ఓపికగా ఆయన చెప్పిన అర్థాలన్నీ ఆయన కళ్ళముందు ఒక్కొక్కటే తిరగబడుతున్నట్టున్నాయి. మంచం జరిపించడం, మంగళవారం భజన మానిపించడం, ఉల్లిపాయ లేకుండా వండించడం. ఏది ఆమె ఇష్టం, ఏది తన ఊహ? అంతలో భాగీరథమ్మ వేలు పాత ఫొటో మీదికి వెళ్ళింది.

"గౌహరాపా."

రేవణసిద్ధప్ప రెండు చేతులతో మొహం తుడుచుకుని, దాచకుండా చెప్పాడు. గౌహర్ బేగం వచ్చి వెళ్ళిన ప్రతిసారీ భాగీరథమ్మ రోజంతా ఏడ్చేది. అది చూడలేక, కొన్నాళ్ళు రావద్దని చెప్పనా అని భార్యనే అడిగాడు. ఆమె అదే అంది. అతను వెళ్ళి గౌహర్ బేగంతో, భాగీయే నిన్ను రావద్దంటున్నదని చెప్పి వచ్చాడు.

"నాకు తెల్వకపాయె భాగీ" అన్నాడు. "ఏడ్చినా సరే రావాలని నీకుండెనా?"

భాగీరథమ్మ ట్యాబ్ వైపు చూడలేదు. ఎడమచేత్తో అతని చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలింది. ఆ జవాబు అతనికి సరిగ్గానే అర్థమైంది. లేచి, కమీజు మార్చుకోకుండానే చెప్పులేసుకుని, మోటారుసైకిల్ తీశాడు. ఎవరికీ ఫోన్ చేయమనలేదు. తను చెప్పిన మాటను తనే వెళ్ళి వెనక్కి తీసుకోవాలనుకున్నాడని అనితకు తెలిసింది. మామగారి మీద ఆమెకు కోపం రాలేదు, గౌరవమే పెరిగింది.

గౌహర్ బేగం ఆటోలో వచ్చింది. వెనకే రేవణసిద్ధప్ప. ఆమె గుమ్మం దగ్గర బుర్ఖా మొహం మీద నుంచి తీసి, లోపలికి అడుగు పెట్టాలా వద్దా అన్నట్టు నిలబడింది. దారిలో అంతా విన్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే వద్దన్నవంటే ఎట్ల వస్త భాగూ?" అంది. "రోజూ రొట్టె తినేటప్పుడు నువ్వే యాదికొస్తుంటివి."

భాగీరథమ్మ ఎడమచెయ్యి చాచబోయి, మధ్యలో ఏదో తోచినట్టు ఆగి, ట్యాబ్ నొక్కింది.

"చాయ్ పెట్టు."

గౌహర్ బేగం గడప మీదే కూర్చుండిపోయింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. ఈసారి ఎవరూ ఆపలేదు. ఏడుపు అయ్యాక గౌహర్ బేగం ముక్కు తుడుచుకుని, ఈ పెట్టెలో ఇంకేం మాటలున్నాయని అడిగింది. ఎక్కువ లేవని అనిత చెప్పింది.

గౌహర్ బేగం తన ఫోన్ తీసి ఇచ్చింది. భాగీరథమ్మ రోజూ తెల్లారి పంపిన వాయిస్ మెసేజీలు, ఒక్కటీ చెరపకుండా, అందులో ఉన్నాయి. పూటకు సరిపోను వంకాయలు దొరకలేదని ఒకటి. పుంటికూర శుభ్రం చేయడానికి త్వరగా రమ్మని ఒకటి. షోలాపూర్ డ్రైవరు పల్లీల శేంగ చట్నీ డబ్బా ఎత్తుకుపోయాడని, పట్టుకుంటే వాడి చెవి మెలిపెడతానని ఒకటి. అది వినగానే స్నేహితురాళ్ళిద్దరూ నవ్వాపుకోలేకపోయారు. వీరేశ్ నేల మీద చతికిలబడి, తల్లి గొంతును ఒక్కో మెసేజీలో వింటూ కూర్చున్నాడు. అనిత మాటలు కత్తిరించి ట్యాబ్‌లోకి ఎక్కిస్తూ పోయింది. "రొట్టె", "కూసోన్రి", "ఎట్లున్నరు", "చెప్పు", "నేను". ఖాళీ గడులు నిండుతుంటే భాగీరథమ్మ ఒక్కోదాన్ని నొక్కి చూసుకుంటూ, బాగున్నది అన్నట్టు తలూపింది. ఆ పూట ఇంట్లో పండగలాగే ఉంది. ట్యాబ్ ఉంచేసుకుంటున్నామని తాహాకు ఫోన్ చేసింది వీరేశే. కెమెరా మాత్రం బాగాలేదని చెప్పడం మరవలేదు.

వీరన్న మాట ఎత్తింది రేవణసిద్ధప్ప. అతను వస్తే ఎలా చెప్పి పంపాలా అని మథనపడుతున్నాడు. అది విని గౌహర్ బేగం చేతిలో చాయ్ కప్పు కింద పెట్టింది.

"ఆయనను మీ ఇంటికి పంపింది నేనే" అంది మెల్లగా. "భాగూకు నేను వద్దు, ఖానావళి మూతపడ్డది. పొయ్యి చల్లారి ఉంటే చూడలేకపోయిన. రొట్టెల పని నేనే చేస్తనని వాళ్ళకు మాటిచ్చిన."

అంతలోనే వాకిట్లో మోటారుసైకిల్ ఆగింది. వీరన్న, వెనక కొంగు కప్పుకున్న అతని భార్య సుమిత్ర. చేతిలో మామిడిపళ్ళ సంచీ. శకునంగా ఉంటుందని తెచ్చినట్టున్నారు. గుమ్మంలో అడుగు పెట్టగానే వాళ్ళను పలకరించింది భాగీరథమ్మే.

"కూసోన్రి. ఎట్లున్నరు?"

మాట రాని మనిషని విని వచ్చిన వీరన్న తెల్లబోయాడు. ట్యాబ్ చూశాక అర్థమైంది. కూర్చోకుండా, రేవణసిద్ధప్ప వైపు తిరగకుండా, నేరుగా ఆమెనే అడిగాడు.

"అమ్మా, మీరు ఇష్టపడే ఇస్తున్నరా? మీకు మనసు లేకుంటే మాకు వద్దు."

రేవణసిద్ధప్ప అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసుకున్నాడు. అందరూ ఆమె వేలి వైపే చూశారు. "వద్దు" తెరకు ఒక మూలన ఉంది, "ఉండనీ" ఇంకో మూలన. భాగీరథమ్మ రెండింటినీ దాటింది. గౌహర్ బేగం ఫొటో నొక్కింది. రొట్టె నొక్కింది. తన ఫొటో మీద వేలు పెట్టి "నేను" అనిపించింది. ఆపైన తెర మీద నుంచి చెయ్యి ఎత్తి వీరన్ననూ సుమిత్రనూ చూపించి, వేళ్ళన్నీ దగ్గరకు ముడిచింది.

అనితకు అర్థమయ్యేలోపే గౌహర్ బేగానికి అర్థమైంది. అందరం కలిసి ఒక్క పొయ్యి దగ్గర అంటున్నది. ఆమె మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే వాడిపోయింది. సుమిత్ర వైపు చూసింది. సుమిత్ర తల దించుకుంది.

"అది అయ్యే పని కాదు భాగూ" అంది గౌహర్ బేగం. "నేను వీళ్ళకు ఇంకో మాట కూడ ఇచ్చిన. అది తాహాకు సుత తెల్వదు."

భాగీరథమ్మ బల్లను తన వైపు లాక్కుంది. స్నేహితురాలి కళ్ళలోంచి చూపు తిప్పకుండా ఒక బొమ్మ నొక్కింది.

"చెప్పు."

(సశేషం)